నలుగురి తోడు



నాయుడుపేట దారులు కలిసే ఊరు. ఒక దారి నెల్లూరు పోతుంది. ఒక దారి సూళ్లూరుపేట మీదుగా చెన్నై పోతుంది. ఇంకొక దారి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి పోతుంది. రైలు కూడా ఇక్కడ ఆగుతుంది. దారులు కలిసే చోట బేరం ఉంటుంది. బేరం ఉన్న చోట పని ఉంటుంది. అందుకే చుట్టుపక్కల పల్లెల వాళ్లు పొద్దున్నే ఇక్కడికి వస్తారు.

మనిషి బతుకు కూడా అంతే. నలుగురితో కలిసే మనిషికి నాలుగు దారులు తెలుస్తాయి. ఎవరితోనూ కలవని మనిషికి తన గడప ఒక్కటే తెలుస్తుంది.

ఈ రోజు మాట్లాడుకునేది ఆ కలయిక గురించే. మనుషులతో మంచి సంబంధాలు ఎట్లా పెంచుకోవాలి? అవి పనిలో ఎట్లా ఉపయోగపడతాయి? కష్టంలో ఎట్లా ఆదుకుంటాయి? ఏది నిజమైన తోడు? ఏది మెడకు చుట్టుకునే తాడు?

సంబంధం అనగానే అందరికీ పెళ్లి సంబంధమే గుర్తుకొస్తుంది. అది ఒక్కటే కాదు. పక్కింటామెతో ఉండేది సంబంధమే. అంగడి శెట్టితో ఉండేది సంబంధమే. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో మాట్లాడే మనుషులతో ఉండేదీ సంబంధమే. ఇవన్నీ కలిస్తేనే బతుకు.

ఇద్దరు అక్కలు

ఇద్దరు అక్కలు ఉన్నారనుకుందాం. ఇద్దరూ బజారులో కూరగాయలు అమ్ముతారు. ఇద్దరికీ రోజూ సరుకు కొనడానికి తొమ్మిది వందల రూపాయలు కావాలి.

మొదటి అక్క ఎవరితోనూ కలవదు. పొద్దున్నే వడ్డీ వ్యాపారి దగ్గరకు పోతుంది. అతను 900 రూపాయలు ఇస్తాడు. సాయంత్రానికి 1,000 రూపాయలు తీసుకుంటాడు. ఒక రోజుకు వడ్డీ 100 రూపాయలు. నెలంతా ఇట్లాగే తెస్తే వడ్డీ 3,000 రూపాయలు.

రెండో అక్క పొదుపు సంఘంలో ఉంది. సంఘంలో వడ్డీ నూటికి నెలకు ఒక రూపాయి. ఆమె సంఘం నుంచి 900 రూపాయలు తీసుకుంది. నెలకు వడ్డీ ఎంత? తొమ్మిది రూపాయలు. ఆ తొమ్మిది రూపాయలు కూడా బయటికి పోవు. సంఘం పెట్టెలోనే పడతాయి. అందులో ఆమెకూ వాటా ఉంది.

ఒక పక్క 3,000. ఒక పక్క 9. ఇద్దరి కష్టం ఒకటే. ఇద్దరి గంప బరువూ ఒకటే. తేడా ఎక్కడుంది? ఒకామెకు నలుగురి తోడు ఉంది. ఇంకొకామెకు లేదు.

లెక్క ఇక్కడితో అయిపోలేదు. ఒక రోజు ఇద్దరికీ జ్వరం వచ్చింది. మొదటి అక్క కూరలు ఇంట్లోనే వాడిపోయాయి. వడ్డీ మాత్రం ఆగలేదు. రెండో అక్క ఇంటికి పక్క గంప ఆమె వచ్చింది.

"ఏందిక్కా, పొద్దున బజారుకు రాలేదే?"

"వొళ్లు కాలిపోతా ఉండాది మే. లేవలేకుండా ఉండా."

"నువ్వు పడుకో. నీ గంప నా గంప పక్కన పెట్టి అమ్ముతాలే."

సాయంత్రం ఆమె డబ్బు తెచ్చి ఇచ్చింది. ఏ కూర ఎంతకు అమ్మిందో లెక్క చెప్పింది. మిగిలిన నాలుగు వంకాయలు కూడా తెచ్చి ఇచ్చింది. అడిగినప్పుడు ఆదుకోవడం ఒకటి. అడగకముందే వచ్చి నిలబడడం ఒకటి. రెండోది డబ్బుతో కొనలేనిది.

ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క ఏడుపు

ఈ జిల్లా ఆడవాళ్లకు ఈ సంగతి కొత్తది కాదు. నాయుడుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో ఒక గొప్ప పని జరిగింది.

అప్పుడు ఊరూరా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలు కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టారు. అ, ఆ లు దిద్దారు. దిద్దుతూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు.

అంతకు ముందు కూడా వాళ్లు మాట్లాడుకునే వాళ్లే. బావి దగ్గర మాట్లాడేవాళ్లు. నాట్లలో మాట్లాడేవాళ్లు. కానీ ఒక మాట మాత్రం దాచుకునేవాళ్లు. మొగుడు కూలి డబ్బంతా సారాకు పోస్తున్నాడని చెప్పేవాళ్లు కాదు. రాత్రి కొట్టాడని చెప్పేవాళ్లు కాదు. "మా ఇంటి పరువు పోతుంది" అనుకునేవాళ్లు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క ఏడుపు. ఎవరి ఏడుపు వాళ్లదే.

చదువుకునే పుస్తకాల్లో సీతమ్మ కథ వచ్చింది. సారా వల్ల ఒక సంసారం ఎట్లా పాడైందో అందులో ఉంది. అది చదివిన ఆడవాళ్లు తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇది మా ఇంటి కథే కదా!"

"మా ఇంట్లోనూ ఇదే కదా!"

అప్పుడు తెలిసింది. ఇది ఒక ఇంటి సిగ్గు కాదు. ఇది ఊరంతటి కష్టం.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కలిసి సారా అంగడి మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట సంగతి కూడా పుస్తకంలో పాఠమైంది. ఆ పాఠం పేరు "ఆడవాళ్లు ఏకమైతే". పాఠం చదివిన ఊళ్లలో ఆడవాళ్లు కూడా లేచారు. సారా బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు. 1992లో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. వేలం పదేపదే వాయిదా పడింది.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారాను నిషేధించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రంలో మద్యం మొత్తం నిషేధమైంది.

ఇది చేసిన ఆడవాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. డబ్బున్నవాళ్లు కాదు. చాలామంది అప్పుడే సంతకం నేర్చుకున్నవాళ్లు. వాళ్లకున్న బలం ఒకటే. దాచుకున్న మాటను పక్కామెతో చెప్పారు. విన్న పక్కామె నవ్వలేదు. ఊరంతా చాటలేదు. "నేనూ వస్తా పద" అన్నది. బలమైన సంబంధం అక్కడ మొదలైంది.

1997లో మద్య నిషేధం ఎత్తేశారు. మద్యం దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. అది నిజం. దాన్ని దాచకూడదు. అయితే ఆడవాళ్ల కలయిక మాత్రం పోలేదు. అది ఇంకొక దారిలో నడిచింది.

రోజుకు ఒక రూపాయి

సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెరిగాయి. పద్ధతి చాలా సులువు. ఒక్కొక్కరు రోజుకు ఒక రూపాయి దాచాలి.

ఒక రూపాయితో ఏమవుతుంది? లెక్క వేసి చూడండి. సంఘంలో 15 మంది ఉన్నారు. ఒక్కొక్కరికి నెలకు 30 రూపాయలు. 15 మందికి నెలకు 450 రూపాయలు. 12 నెలలకు 5,400 రూపాయలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఒక మేకపిల్లకు వస్తుంది. బిడ్డ ఫీజుకు వస్తుంది. ఆసుపత్రి ఖర్చుకు వస్తుంది.

కానీ ఒక్కామె ఇంట్లో దాచుకుంటే ఏడాదికి 360 రూపాయలే. దాన్ని కూడా ఎవరో ఒకరు అడిగి తీసుకుంటారు. పది మంది డబ్బు కలిపి ఉంటే ఎవరూ ఊరికే తీసుకోలేరు. పది మంది చేతి కర్ర ఒకరి తలకు మోపు అవుతుందని పెద్దలు చెప్పింది ఇందుకే.

1992లో నాబార్డు ఒక ప్రయోగం మొదలుపెట్టింది. దేశంలో 500 సంఘాలను బ్యాంకులతో కలపాలని అనుకుంది. ఆ ప్రయోగం నిలబడింది. ఇప్పుడు దేశంలో లక్షల సంఘాలు బ్యాంకుల్లో ఖాతాలు నడుపుతున్నాయి. ఆంధ్ర దేశంలో చాలామంది ఇప్పటికీ వాటిని డ్వాక్రా గ్రూపులనే పిలుస్తారు.

బ్యాంకు పేదవాళ్లను నమ్మి అప్పు ఎట్లా ఇచ్చింది? పొలం కాగితం లేదు. బంగారం లేదు. సంఘం పుస్తకం ఒక్కటే ఉంది. అందులో ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో రాసి ఉంది. ఆ పుస్తకమే వాళ్ల పొలం కాగితం. పది లక్షల రూపాయల దాకా సంఘం అప్పుకు బ్యాంకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం కూడా ఉంది. అంటే మనుషుల మధ్య నమ్మకానికి బ్యాంకులో కూడా విలువ ఉన్నట్టే.

మాట, లెక్క, తోడు

మంచి సంబంధం ఒక్క రోజులో రాదు. ఇల్లు కట్టినట్టు కట్టుకోవాలి. దానికి మూడు రాళ్లు కావాలి. పొయ్యికి మూడు రాళ్లు ఉన్నట్టు. ఒక రాయి లేకపోయినా కుండ నిలవదు.

మొదటి రాయి మాట. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. బుధవారం సమావేశానికి వస్తామంటే బుధవారం రావాలి. నెల మొదట్లో అప్పు కడతామంటే నెల మొదట్లో కట్టాలి. కట్టలేమని తెలిస్తే ఆ రోజు దాకా దాక్కోకూడదు. ముందుగా వచ్చి చెప్పాలి.

"అక్కా, ఈ నెల పని లేదు. సగం కడతా. మిగతాది వచ్చే నెల కడతా."

ఇట్లా చెప్పిన మనిషి మీద నమ్మకం తగ్గదు. పెరుగుతుంది. మాట తప్పడం కంటే ముఖం తప్పించడం ఎక్కువ చెడ్డది.

రెండో రాయి లెక్క. "మనలో మనకు లెక్కలేంది?" అని కొందరు అంటారు. ఆ మాట తియ్యగా ఉంటుంది. చివరికి చేదవుతుంది. ఆరు నెలల తర్వాత ఒకామె అయిదు వందలిచ్చానంటుంది. ఇంకొకామె నాలుగు వందలే అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పరు. ఇద్దరికీ గుర్తు లేదు. అయినా స్నేహం పోతుంది. రాసి ఉంటే ఆ తగువే లేదు. లెక్క రాయడం నమ్మకం లేక కాదు. నమ్మకం నిలవడానికి.

అందుకే సంఘాలకు అయిదు సూత్రాలు పెట్టారు. క్రమం తప్పకుండా కలవాలి. క్రమం తప్పకుండా పొదుపు చేయాలి. ఆ పొదుపులో నుంచి ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవాలి. గడువుకు తిరిగి కట్టాలి. పుస్తకాలు సరిగ్గా రాయాలి. వీటిని పంచ సూత్రాలంటారు. ఇవి సంఘానికే కాదు, స్నేహానికి కూడా పనికొస్తాయి.

పుస్తకం ఒక్కరి చేతిలోనే ఉండకూడదు. చదవడం వచ్చిన ప్రతి ఒక్కరూ చూడాలి. "మా లీడరక్క చూసుకుంటుందిలే" అనుకోకూడదు. లీడరక్క మంచిదే కావచ్చు. మంచి మనిషిని మంచిగా ఉంచేది కూడా నలుగురి చూపే.

మూడో రాయి తోడు. కష్టంలో పక్కన నిలబడాలి. పెళ్లి భోజనానికి అందరూ వస్తారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చునేది ఎవరు? కాన్పుకు పోయిన ఇంట్లో పెద్దబిడ్డకు అన్నం పెట్టేది ఎవరు? ఆ మనిషే తోడు. తోడు కావాలంటే ముందు తోడు అవ్వాలి.

తోడు తాడు కాకూడదు

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పుకోవాలి. నలుగురి కలయిక మంచిదే. దాన్ని చెడుకు కూడా వాడుకోవచ్చు.

2010కి ముందు మన రాష్ట్రంలో ప్రైవేటు సూక్ష్మ రుణ కంపెనీలు చాలా పెరిగాయి. ఇంటి దగ్గరకే వచ్చి అప్పు ఇచ్చేవి. వారం వారం కిస్తీ. అయిదారుగురు ఆడవాళ్లను ఒక గుంపుగా చేసేవి. ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఒక అప్పు తీర్చడానికి ఇంకొక అప్పు. దాన్ని తీర్చడానికి మరొకటి. కిస్తీ తప్పిన ఆమె ఇంటి ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టిన సంగతులు బయటికి వచ్చాయి. నిన్నటి దాకా ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకున్నవాళ్లు నడివీధిలో తిట్టుకున్నారు. అప్పుల బాధతో కొందరు ప్రాణాలు తీసుకున్నారని పేపర్లలో వచ్చింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వేధించి వసూలు చేయడాన్ని అడ్డుకుంది. తర్వాత దాన్ని చట్టం చేసింది.

పొదుపు సంఘంలోనూ ఆడవాళ్లే ఉన్నారు. ఆ గుంపుల్లోనూ ఆడవాళ్లే ఉన్నారు. మరి తేడా ఏంది?

పొదుపు సంఘంలో ముందు కలయిక వచ్చింది. తర్వాత డబ్బు వచ్చింది. ఆ గుంపుల్లో ముందు డబ్బు వచ్చింది. డబ్బు కోసమే కలయిక వచ్చింది. సంఘంలో ఒకామె కట్టలేకపోతే, "ఎందుకు కట్టలేకపోయింది?" అని అడుగుతారు. ఆ గుంపులో "ఎప్పుడు కడుతుంది?" అని మాత్రమే అడిగారు. ఈ రెండు ప్రశ్నల మధ్యే తోడుకూ తాడుకూ ఉన్న తేడా ఉంది.

అప్పు వాయిదా అందరూ కట్టాల్సిందే. కట్టకపోతే సంఘం నిలవదు. కానీ మొగుడు మంచం పట్టినామెను, పంట పోయినామెను, ఊరికే ఎగ్గొట్టినామెను ఒకే కట్టెతో కొట్టకూడదు. మొదటి ఇద్దరికీ గడువు ఇవ్వాలి. మూడో ఆమెను నిలదీయాలి. ఎవరు ఎవరో తెలియాలంటే వాళ్ల ఇంటికి పోవాలి. కూర్చోవాలి. అడగాలి. వినాలి.

ఇంకొక మాట. సంబంధం పేరు చెప్పి సంతకం అడిగేవాళ్లుంటారు. "మన వదినే కదా, ఒక సంతకం పెట్టు" అంటారు. అక్షరాలు వచ్చినవాళ్లు చదవకుండా సంతకం పెట్టకూడదు. అర్థం కాకపోతే అడగాలి. "రేపు చదివి పెడతా" అనడం తప్పు కాదు. ఒక్క రోజు ఆగమంటే కోపం వచ్చే సంబంధం అంత గట్టిది కాదు. కాదని చెప్పినా నిలిచేదే గట్టి సంబంధం.

పనిలో సంబంధాలు

పనిచేసే చోట కూడా మనుషులే ముఖ్యం. చేతిలో పని ఉండాలి. నోటిలో మంచి మాట ఉండాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

కుట్టుమిషను పెట్టుకున్న ఆమె ఉందనుకుందాం. ఆమె రవిక బాగా కుడుతుంది. అయినా గిరాకీ రాదు. ఎందుకు? "శుక్రవారం ఇస్తా" అంటుంది. సోమవారం ఇస్తుంది. ఇంకొకామె కుట్టు మామూలుదే. కానీ చెప్పిన రోజుకు ఇస్తుంది. మిగిలిన గుడ్డముక్క కూడా తిరిగి ఇస్తుంది. బిగుతైతే మళ్లీ వదులు చేసి ఇస్తుంది. గిరాకీ ఎవరికి వస్తుంది? పండగ ముందు ఎవరి గడపలో జనం నిలబడతారు? అందరికీ తెలిసిందే.

కంపెనీలో, మిల్లులో పనిచేసేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి మిషను చూపించండి. ఒకరి తప్పు ఇంకొకరి మీద వేయకండి. కూలి తక్కువ వస్తే ఒక్కరు పోయి అడిగితే వినకపోవచ్చు. పది మంది కలిసి మర్యాదగా అడిగితే వినాల్సి వస్తుంది. పని తెలిసిన మనుషులతో మాట్లాడుతూ ఉండండి. ఎక్కడ పని ఉందో, ఎక్కడ కూలి బాగుందో చాలాసార్లు మనుషుల నోటి నుంచే తెలుస్తుంది.

ఆఫీసుకు పోవాలంటే చాలామందికి భయం. మొదటిసారి ఇద్దరు కలిసి పోండి. ఎవరిని కలిశారో పేరు రాసుకోండి. రెండోసారి ఆ పేరుతో అడగండి. పల్లెల్లో ఉన్నవాళ్లు మండల సమాఖ్యలో, వెలుగు ఆఫీసులో అడగొచ్చు. పట్టణంలో ఉన్నవాళ్లు మెప్మా వాళ్లను అడగొచ్చు. అడగడం బిచ్చమెత్తడం కాదు. అది హక్కు.

బొంబాయిలో ఒక సంగతి జరిగింది. 1959 మార్చి 15న ఏడుగురు ఆడవాళ్లు మిద్దె మీద కూర్చుని అప్పడాలు చేశారు. వాళ్ల పెట్టుబడి 80 రూపాయలు. అది కూడా అప్పు తెచ్చిందే. అదే తర్వాత లిజ్జత్ పాపడ్ అయింది. అక్కడ పనిచేసేవాళ్లు ఒకరినొకరు అక్కచెల్లెళ్లనే పిలుచుకుంటారు. వాళ్లంతా కూలివాళ్లు కాదు. సంస్థకు వాళ్లే సొంతదారులు. లాభం వచ్చినా నష్టం వచ్చినా అందరిదీ. ఏడుగురితో మొదలైన ఆ పని ఇప్పుడు వేలాది మంది ఆడవాళ్లకు అన్నం పెడుతోంది. వాళ్లు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మన ఇళ్లల్లో చేసే అప్పడమే చేశారు. కలిసి చేశారు. కలిసి పంచుకున్నారు.

ఇంట్లో సంబంధాలు

బయట నలుగురితో బాగుండి ఇంట్లో మాట లేకపోతే ఏం లాభం? ఇంట్లో కూడా సంబంధం కట్టుకోవాలి.

సంఘానికి పోయే ముందు ఇంట్లో చెప్పండి. ఎంత పొదుపు కట్టారో, ఎంత అప్పు తెచ్చారో మొగుడికి పుస్తకం చూపించండి. ఆయన సంపాదన ఎంతో, ఖర్చు ఎంతో ఆయన్నీ చెప్పమనండి. లెక్క రెండు పక్కలా ఉండాలి. అత్తకు కోడలు పుస్తకం చదివి వినిపిస్తే ఆ ఇంట్లో సగం తగువులు తగ్గుతాయి. ఆడబిడ్డను బడి మాన్పించకండి. అమ్మ చదువుకోవడం చూసిన బిడ్డ తన చదువు వదలదు.

అయితే ఓర్చుకోవడం వేరు. దెబ్బలు తినడం వేరు. దెబ్బలు తింటూ నోరు మూసుకుని ఉండడం సంబంధం కాదు. 2005లో గృహ హింస నుంచి ఆడవాళ్లను కాపాడే చట్టం వచ్చింది. 181 నంబరుకు ఫోను చేస్తే ఆడవాళ్లకు సాయం దొరుకుతుంది. ఈ నంబరు గోడ మీద రాసుకోండి. పక్కింట్లో కేక వినిపిస్తే "వాళ్ల సంసారం వాళ్లది" అని తలుపు వేసుకోకండి. 1992లో ఆడవాళ్లు అట్లా తలుపులు వేసుకుని ఉంటే సారా అంగడి మూతపడేది కాదు.

మాట పట్టింపు వస్తే

నలుగురు ఉన్న చోట తగువు రాక తప్పదు. తగువు రావడం తప్పు కాదు. తెగేదాకా లాగడం తప్పు.

ఒకామె సమావేశంలో కోపంగా మాట్లాడింది. ఇంకొకామె లేచి పోయింది. ఇప్పుడు ఏం చేయాలి? మూడో ఆమె దగ్గర దాని గురించి చెప్పకూడదు. చెబితే మాట పెరుగుతుంది. ఒక రోజు ఆగాలి. తర్వాత నేరుగా ఆమె ఇంటికే పోవాలి.

"మే, నిన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది. మనసులో పెట్టుకోవద్దు."

"నేను కూడా అట్లా లేచి రాకుండా ఉండాల్సిందిక్కా. కూర్చో, కాఫీ పెడతా."

తప్పు ఒప్పుకుంటే చిన్నవాళ్లం అయిపోమూ. ఒప్పుకోకపోతేనే ఒంటరివాళ్లం అవుతాం.

కులం పేరుతో, వీధి పేరుతో, పార్టీ పేరుతో సంఘాన్ని చీల్చాలని చూసేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లను ఒక ప్రశ్న అడగండి. "నా బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి నువ్వు వస్తావా?" రానివాళ్ల మాట విని, వచ్చేవాళ్లను వదులుకోకండి.

అవ్వలకు తెలిసిన మాటే

అమెరికాలో హార్వర్డ్ అనే పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వాళ్లు 1938లో ఒక పరిశీలన మొదలుపెట్టారు. కొన్ని వందల మంది మగవాళ్ల బతుకును ఏళ్ల తరబడి చూశారు. ఎవరు ఆరోగ్యంగా ఉన్నారు? ఎవరు సంతోషంగా ఉన్నారు? ఎందుకు? ఎనభై ఏళ్లు దాటినా ఆ పని ఆగలేదు. చివరికి వాళ్లకు ఏం తెలిసింది? డబ్బు కంటే, పేరు కంటే మనుషులతో మంచి సంబంధాలే మనిషిని ఆరోగ్యంగా, సంతోషంగా ఉంచుతాయని తెలిసింది.

మొదట వాళ్లు మగవాళ్లనే అడిగారు. వాళ్ల భార్యలను చాలా ఏళ్ల తర్వాత గానీ చేర్చుకోలేదు. మొదటే ఆడవాళ్లను అడిగి ఉంటే ఈ మాట ముందే చెప్పేవాళ్లేమో! అరుగు మీద కూర్చుని నలుగురితో మాట్లాడే అవ్వకు ఇది ఎప్పుడో తెలుసు.

ఇంటికి పోయాక ఒక పని

అమ్మలారా! ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. ఇంటికి పోయాక ఒక కాగితం తీసుకోండి. నడిరాత్రి కష్టం వస్తే ఎవరి తలుపు తడతారు? వాళ్ల పేర్లు రాయండి. మొగుడి పేరు, అన్నదమ్ముల పేర్లు కాకుండా రాయండి. నాలుగు పేర్లు వచ్చాయా? మంచిదే. రెండే వచ్చాయా? అవీ తక్కువ కావు. ఒక్క పేరూ రాలేదా? బాధపడకండి. రేపు సంఘానికి పోండి. లేదా పక్కింటి గడప దగ్గర కాసేపు కూర్చోండి. "ఎట్టుండావక్కా?" అని అడగండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి.

తర్వాత కాగితం తిప్పండి. వెనక ఇంకొక ప్రశ్న రాసుకోండి. నడిరాత్రి కష్టం వస్తే నా తలుపు ఎవరు తడతారు?

మొదటి పక్క పేర్లు మీకున్న తోడు. రెండో పక్క పేర్లు మీరు సంపాదించుకున్న నమ్మకం. ఏడాదికొకసారి ఆ కాగితం తీసి చూసుకోండి. రెండు పక్కలా పేర్లు పెరుగుతుంటే మీ బతుకు ముందుకు పోతున్నట్టే లెక్క.